ధూమ్రకేశుడి మంత్రం, ముప్పై రెండు జీబీ మెమరీ

మొదటిసారి జరిగినప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పలాసలో కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా మేడ మీదున్న స్టూడియోలో ప్రమోదిని జలంత్రకోట వాళ్ళ నాటకం వీడియో మిక్సింగ్ చేస్తోంది. పక్క కుర్చీలో, ఆ నాటకంలో మాంత్రికుడి వేషం కట్టిన కామేశ్వరరావు. ఆయన పక్కన స్టూలు మీద ఆయన భార్య అప్పలనరసమ్మ. తెర మీద కామేశ్వరరావు జడలు విరబోసుకుని, పుర్రె పైకెత్తి, "ఈ క్షణమే సర్వమూ మాయమగుగాక!" అన్నాడు. అన్న మరుక్షణం ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మొత్తం మాయమైపోయింది. తెర మీద నీలిరంగు, ఓ మూల చెత్తబుట్ట బొమ్మ మిగిలాయి.

"ఓలమ్మా!" అంది అప్పలనరసమ్మ.

"బాగా సేసినావమ్మా" అన్నాడు కామేశ్వరరావు మెచ్చుకోలుగా. అదంతా ప్రమోదిని పెట్టిన ఎఫెక్టే అనుకున్నాడు.

ప్రమోదిని సాఫ్ట్‌వేర్ మళ్ళీ తెరిచింది. సీను మళ్ళీ వేసింది. పుర్రె లేచింది, మంత్రం వచ్చింది, తెర ఖాళీ అయింది. మూడోసారీ అంతే. అప్పటికి గాని కామేశ్వరరావుకి విషయం అర్థం కాలేదు. కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నాడు.

"అయితే ఇది నువ్వు పెట్టింది కాదేటి?"

"కాదు బాబాయ్. దానంతటదే పోతంది."

"నేను మంత్రం అన్నప్పుడే పోతంది" అని సవరించాడు ఆయన. ఆ గొంతులో దిగులు ఏ కోశానా లేదు.

కామేశ్వరరావుది కొబ్బరి, జీడి తోటల సంసారం. మీసం రాకముందు నుంచీ వేషాలు కడుతున్నాడు. ఊళ్ళో మనోహర్ మాష్టారు రాసే ప్రతి నాటకంలోనూ రాజు మాష్టారే, రాజుని ఏడిపించేది కామేశ్వరరావే. కిందటేడు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి ఇన్నిసార్లని పలాస వచ్చి డయాలసిస్ చేయించుకుని, సోంపేట బస్సు దొరికేదాకా స్టూడియోలో ఫ్యాను కింద కూర్చుంటాడు. వచ్చినప్పుడల్లా తోటలోంచి రెండు బొండాలు తెచ్చి ప్రమోదినికి ఇస్తాడు. ఆయన మాత్రం తాగకూడదు. ఆమె తాగుతుంటే, "తియ్యగుందా?" అని అడిగి తెలుసుకుంటాడు.

"శంఖగిరి శపథం"లో ధూమ్రకేశుడి వేషం కట్టొద్దని ఇంట్లో అందరూ అన్నారు. గంటల తరబడి జడలూ ఎముకల దండలూ మోస్తూ నిలబడాలి. ఆయన వినలేదు. కట్టాడు. ఇక మీదట నిలబడలేనని ఆ నాటకం అయ్యాక ఆయనే ఒప్పుకున్నాడు. అందుకే ఈ వీడియో మీద అంత ఆశ. అమ్మవారి సంబరానికి ఊళ్ళో పెద్ద తెర కట్టి వేస్తామని మాష్టారు మాటిచ్చేశాడు కూడా.

ప్రమోదిని మొగుడు రవిశంకర్ మూడు కెమెరాలతో నాటకం తీశాడు. మంత్రం సీనుకి మూడు కెమెరాల బొమ్మలనీ ఒకదాని మీద ఒకటి వేసి, పొగ పెట్టి, ఆ పొగలో ఏడుగురు ధూమ్రకేశులు తిరుగుతున్నట్టు ఆమె అమర్చింది. కామేశ్వరరావు అడిగింది ముగ్గుర్నే. ఏడుగురైతే బాగుంటుందని ఆమెకే అనిపించింది.

సాయంత్రానికి జలంత్రకోటలో కబురు పాకిపోయింది. కామేశ్వరరావు మంత్రానికి పలాసలో కంప్యూటర్ కూలిపోయిందట. బస్సులో పక్కసీటాయన తన బావమరిది పొలంలో ఎలుకలు ఎక్కువయ్యాయనీ, ఒకసారి వచ్చి ఆ ముక్క అనమనీ అడిగాడట. మర్నాడు కామేశ్వరరావు ఫోన్ చేసి ఇదంతా చెప్పి, "మరి ఆ ముక్క కోత్తావేటి?" అని భయంగా అడిగాడు. కొయ్యనంది ప్రమోదిని.

కోసెయ్యమని చెప్పడానికి మనోహర్ మాష్టారు స్వయంగా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో స్కూటర్ తాళం.

"చూడమ్మా, నా ఉద్దేశం ఏంటంటే, ఆ సీను ఎలాగూ సాగింది. యంత్రమే భరించలేకపోతోంది, ఇక జనం ఏం భరిస్తారు? పుర్రె ఎత్తగానే రాజు ప్రవేశం వేసెయ్. కథకి లోటేం ఉండదు."

"కథలో మాంత్రికుడు మాయం చేసింది రాజు కూతుర్నే కదా మాష్టారూ. ఆ సీను లేపోతే ఆ పిల్ల ఎలగ పోయినట్టు?"

రచయిత ఆయనే. చేతిలో తాళం ఓసారి తిప్పాడు. "ఆ మాట రాజు చేత చెప్పిద్దాం. డబ్బింగుకి నేను రెడీ."

సరిగ్గా అప్పుడే మెట్ల మీద కామేశ్వరరావు కనిపించాడు. చేతికి సూదులు గుచ్చిన చోట ఇంకా ప్లాస్టరు ఉంది. వెనకాల సంచీ పట్టుకుని అప్పలనరసమ్మ.

"నా సీను కోసీమంతన్నావా?" అన్నాడు ఆయన, మాష్టారితో. మాష్టారుని ఎప్పుడూ 'మీరు' అనే మనిషి.

"కోసెయ్యమని కాదు కామేశ్వర్రావ్, కుదించమని..."

"మరి నీ పట్టాభిషేకం సాగనేదా? కిరీటం ఎట్టుకోడానికి అంతసేపేటి? ఆ కిరీటం నీకు బిగువైపోనాదా?"

అప్పలనరసమ్మ మధ్యలోకి వచ్చి, మొగుణ్ణి కూకోమంది, మాష్టారికి స్కూటర్ ఎండలో ఉందని గుర్తు చేసింది. మాష్టారు వెళ్తూ వెళ్తూ మెట్ల మీద ఆగి ప్రమోదినిని పక్కకి పిలిచాడు. తన పట్టాభిషేకం దగ్గర ఆకాశంలోంచి పూలవాన పెట్టడం కుదురుతుందా అని గొంతు తగ్గించి అడిగాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు.

ఇప్పుడు ప్రమోదినికి పంతం వచ్చింది. ఆమె ఏడుగురు మాంత్రికుల్నీ తగ్గించదు, సీనూ కొయ్యదు. ముందు కంప్యూటర్ షాపతన్ని పిలిచింది. అతను పెట్టె విప్పి, మెమరీ పుల్లలు పీకి, వాటి పళ్ళని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ గుచ్చాడు. ఇక చూడండి అన్నాడు. చూశారు. పుర్రె లేచింది, తెర పోయింది. అతను చెప్పులేసుకుంటూ, పెట్టె దక్షిణం వైపు తిరిగి ఉందని మాత్రం చెప్పి వెళ్ళాడు.

రవిశంకర్ పెట్టె తిప్పడానికి లేచాడు. "కూకో బావా" అంది ప్రమోదిని. అతను ఆమెకి సొంత మేనత్త కొడుకు. టెక్కలిలో చిన్నప్పటి నుంచీ బావా అనే పిలిచింది, పెళ్ళయ్యాకా మార్చలేదు.

ఆమె లాగ్ తెరిచింది. కంప్యూటర్ తను చేసిన పనులన్నీ వరసగా రాసుకునే చోటు అది. సాఫ్ట్‌వేర్ మాయమైన ప్రతిసారీ ఒకటే మాట ఉంది: మెమరీ అయిపోయింది, అన్నిటికంటే ఎక్కువ వాడుతున్న ప్రోగ్రాంని చంపేశాను. ఆ ఎక్కువ వాడేది ఎడిటింగ్ సాఫ్ట్‌వేరే.

"ముప్పై రెండు జీబీ ఉంది కదా, ఎలగ అయిపోద్ది?" అన్నాడు రవిశంకర్.

ప్రమోదిని అన్నీ మూసేసింది. సాఫ్ట్‌వేర్ లేదు, బ్రౌజర్ లేదు. మెమరీ లెక్క చూపించే కిటికీ ఒక్కటే తెరిచింది. దాదాపు ఇరవై తొమ్మిది జీబీ వాడుకలో ఉన్నట్టు చూపిస్తోంది.

"ఏటీ తెరవకుండానే ఎవడు తింటన్నాడు బావా ఇదంతా?"

తింటున్నది ఫైల్ సిస్టమ్, డిస్కుల్లో ఫైళ్ళని సర్ది పెట్టే ఏర్పాటు. ఎప్పుడో ఒక హార్డ్ డిస్క్ చచ్చి, నిమ్మాడ వాళ్ళ పెళ్ళి వీడియో అందులోనే పోయినప్పుడు రవిశంకర్ భోజనం మానేశాడు. ఆ తర్వాత రోజుల తరబడి యూట్యూబ్ చూసి, ఈ పెట్టెలో విండోస్ తీసేసి లినక్స్ వేసి, రెండు డిస్కుల మీద ఒకే సరుకుని జంటగా దాచే జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ పెట్టాడు. అప్పటి నుంచీ ఒక్క ఫైలూ పోలేదు. ఆ గర్వం అతనికి ఇప్పటికీ ఉంది.

ఆ మధ్యాహ్నమంతా ప్రమోదిని దాని గురించే చదివింది. రెండు బొండాలు అయ్యాయి. కామేశ్వరరావు కళ్ళు మూసుకుని వెనక్కి వాలాడు కానీ నిద్రపోలేదు. "ఏటమ్మా, దొరికినాడా దొంగ?" అని అడిగాడు.

"దొంగ కాదు బాబాయ్. మంచోడే. డిస్కులోంచి తియ్యడం ఆలస్యమని, మనం ఇందాక చూసిన ఫైళ్ళన్నీ మెమరీలో దగ్గర పెట్టుకుంటాడు. మళ్ళీ అడిగితే టక్కున ఇత్తాడు. దాన్ని కాషె అంటారు. మెమరీ ఖాళీగా ఉంటే వేస్టే కదా అని మొత్తం వాడీసుకుంటాడు. ఎవరైనా అడిగితే ఖాళీ చేసి ఇచ్చేత్తాడు."

"మరి బాధేటి?"

ప్రమోదిని ఎలా చెప్పాలా అని చూసింది. అప్పలనరసమ్మ సంచీ కంటబడింది.

"పిన్నీ, బస్సులో పక్కసీటు ఖాళీగా ఉంటే నువ్వేం చేత్తావు?"

"సంచీ ఎట్టుకుంతాను."

"ఎవరైనా వత్తే?"

"తీత్తాను. తియ్యనా ఏటి? కాకపోతే కొబ్బరికాయలుంతాయి, బేగి లెగవదు."

"అదే. నువ్వు సంచీ తీసేలోగా కండక్టర్ వచ్చి, బస్సు నిండిపోనాదని ఆ నిలబడ్డ మనిషిని దించీసినాడనుకో. ఆ దిగిపోయిన మనిషే మన సాఫ్ట్‌వేర్. బాబాయ్ మంత్రం దగ్గర ఏడుగురు మాంత్రికులు, పొగ, మూడు కెమెరాలు ఒక్కసారి మీద పడతాయి. ఒక్కసారిగా బోల్డు మెమరీ కావాల. ఈ కాషె సంచీ తీసేలోగా లినక్స్ మన సాఫ్ట్‌వేర్ని దించీతంది."

"ఆ కండక్టర్ని నాను ఎరుగుదును" అంది అప్పలనరసమ్మ, నిజంగా ఎవరినో తలుచుకుని.

కామేశ్వరరావు మాత్రం కళ్ళు తెరిచి ముందుకి వంగాడు. "అంటే, మంత్రం ఏటీ నేదన్నమాట" అన్నాడు.

"మరి ఇన్నాళ్ళూ లేని గొడవ ఇప్పుడెందుకొచ్చింది?" అని ప్రమోదిని తనలో తను అనుకున్నట్టే పైకి అంది. రవిశంకర్ కెమెరా లెన్సు తుడవడం మొదలుపెట్టాడు. అది ఇందాకే తుడిచాడు.

"బావా."

"ఏటి?"

"ఏం చేసినావ్?"

"నేనేటి సేసినాను? అప్‌డేట్ సేసినాను. కొత్తది వచ్చింది, ఇంకా స్పీడు అని రాసినారు. సేత్తే తప్పా?"

పాత జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఎవరూ ఏమీ చెప్పకపోతే కాషె సగం మెమరీ దగ్గర ఆగేది. కొత్తదానిలో ఆ గీత ఎత్తేశారు. కంప్యూటర్‌కి ఒక్క జీబీ వదిలి దాదాపు మిగతా అంతా తీసుకోవచ్చు. ఫైళ్ళు దాచడమే పనిగా ఉన్న పెట్టెకి అది బాగుంటుంది. మాంత్రికుల్ని ఏడింతలు చేసే పెట్టెకి కాదు. అయితే గీత మనమే గీసుకోవచ్చు. ఎంత దాటకూడదో ఒక అంకె ఇస్తే చాలు.

ఆ అంకె తనే ఇస్తానని రవిశంకర్ కూర్చున్నాడు. తప్పు దిద్దుకోవాలన్న ఆవేశంలో ఒక్క జీబీ ఇచ్చాడు. "దీనికి బుద్ధి రావాల" అన్నాడు.

ఆ తర్వాతి డయాలసిస్ రోజున కామేశ్వరరావు రాగానే సీను వేశారు. ఈసారి ఏదీ మాయం కాలేదు. పొగ వచ్చింది. ఏడుగురు ధూమ్రకేశులూ వచ్చారు. పుర్రె లేచింది. "సర్వమూ మా..." అన్నాడు ధూమ్రకేశుడు, అని ఆగిపోయాడు. బొమ్మ బిగుసుకుంది. "మా..." అని మళ్ళీ ఆగాడు. మళ్ళీ "మా..." అన్నాడు. ఏడుగురూ నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు.

"ఇదేటమ్మా!" కామేశ్వరరావు లేచి నిలబడ్డాడు. "ఎవడైనా ఇంటే నాను డైలాగు మరిసిపోయినాననుకుంతాడు! ఇన్నేళ్ళలో ప్రాంప్టింగు అడగనేదు నాను!"

"మేకపిల్లలాగున్నావు" అంది అప్పలనరసమ్మ. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

కాషె మరీ చిన్నదైపోయేసరికి, ముందుకీ వెనక్కీ జరిపినప్పుడల్లా మూడు కెమెరాల ఫైళ్ళూ మళ్ళీ డిస్కు దగ్గరికే పరిగెత్తాల్సి వస్తోంది. డిస్కు అందుకోలేకపోతోంది. ప్రమోదిని మొగుణ్ణి కుర్చీలోంచి లేపింది.

ఆమె ఊహతో పని చెయ్యలేదు. సీను నడిపిస్తూ పక్కన మెమరీ లెక్క పెట్టుకుని కూర్చుంది. మంత్రం దగ్గర, అన్నిటికంటే బరువైన చోట, సాఫ్ట్‌వేర్ పద్దెనిమిది జీబీ దాకా ఎక్కుతోంది. మిగతా కంప్యూటర్‌కి మూడు. అనుకోనిదానికి మరో మూడు వదిలింది. మిగిలిన ఎనిమిదీ కాషెకి ఇచ్చింది. తర్వాత ఇంకోటి కూడా గమనించింది. పూర్తయిన వీడియోలు రాసే ఫోల్డరు కూడా ఈ కాషెలోకే దూరుతోంది. ఒకసారి రాశాక వాటిని మళ్ళీ ఎవరూ తెరవరు. ఆ ఫోల్డర్‌కి మాత్రం పేర్లూ చిరునామాలూ గుర్తుంచుకో చాలు, లోపలి సరుకు మెమరీలో పెట్టుకోవద్దని చెప్పింది. దాంతో ఎనిమిదీ కెమెరా ఫైళ్ళకే మిగిలాయి.

సీను నూనె రాసినట్టు నడిచింది. "మాయమగుగాక!" అన్నాడు ధూమ్రకేశుడు. తెర మీద రాజు కూతురు మాయమైంది. మిగతావన్నీ ఉన్న చోటే ఉన్నాయి. కామేశ్వరరావు ఆ సీను నాలుగైదుసార్లు వేయించుకున్నాడు. చివరిసారి తెరతో పాటు పెదాలు కదిపాడు. బస్సు తప్పిపోయింది.

రెండు రోజులయ్యాక మాష్టారు వచ్చాడు, మొత్తం చూస్తానని. ఆయన వచ్చేసరికి కామేశ్వరరావు దంపతులు అక్కడే ఉన్నారు. ఇద్దరు నటులూ రెండు చివర్ల కూర్చున్నారు. పొద్దున కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి, పెట్టె ఆరిపోయి మళ్ళీ వెలిగింది. ప్రమోదిని అందులో అనుమానించడానికేం లేదనుకుంది.

పట్టాభిషేకం నుంచే చూద్దామన్నాడు మాష్టారు. తెర మీద జయకేతు మహారాజుగా ఆయన సింహాసనం వైపు నడుస్తున్నాడు, స్లో మోషన్‌లో. కిరీటం వస్తోంది. ఆకాశంలోంచి పూలు రాలడం మొదలైంది. బంతి, చామంతి, గులాబి. మాష్టారు ఎన్ని రకాలు చెప్పాడో అన్నీ.

"పూలవాన ఎప్పుడెట్టినారు?" అన్నాడు కామేశ్వరరావు.

మాష్టారు వినిపించుకోలేదు. తెర మీద కిరీటం తలకి తగిలింది. రాజూ, కిరీటం, పూలూ, సాఫ్ట్‌వేరూ అన్నీ కలిసి మాయమైపోయాయి.

కామేశ్వరరావు సంతోషించాలో బాధపడాలో తెలియనట్టు కూర్చున్నాడు. ఒక పక్క తన మంత్రానికున్న చివరి పరువు కూడా పోయింది, ఆ కంప్యూటర్ ఎవరికైనా కూలుతుందని తేలిపోయింది. ఇంకో పక్క మాష్టారి ముఖం చూడముచ్చటగా ఉంది. కొంతసేపటికి రెండో పక్కే గెలిచింది.

"నా ఉద్దేశం ఏటంటే అమ్మా" అన్నాడు, అచ్చం మాష్టారి ఫక్కీలో, "ఆ సీను కొంచెం కుదించీ. యంత్రమే భరించనేకపోతంది."

అప్పలనరసమ్మ ముందు నవ్వింది. తర్వాత రవిశంకర్. మాష్టారు తమాయించుకుందామని చూశాడు కానీ ఆయన భుజాలే ముందు కదిలాయి. "నీ పొగ ఎంత సాగిందో నా పూలూ అంతే సాగాయి కామేశ్వర్రావ్" అన్నాడు నవ్వుతూనే.

ప్రమోదిని మాత్రం నవ్వలేదు. మెమరీ లెక్క చూసింది. కాషె మళ్ళీ మొత్తం ఆక్రమించి కూర్చుంది. తను ఇచ్చిన ఎనిమిది అన్న అంకె పెట్టె వెలిగి ఉన్నంతసేపే పనిచేసే అంకె. పెట్టె ఆరిపోగానే అదీ పోయింది. పెట్టె లేచినప్పుడల్లా చదువుకునే ఫైల్లో రాసి ఉంటే నిలిచేది. ఆ సంగతి తను చదివింది కూడా. సీను నడిచిన సంబరంలో రాయడం మరిచిపోయింది.

"ఇది నా తప్పే. అప్‌డేట్ది కాదు" అంది. రవిశంకర్‌కి ఆ మాట విందు భోజనంలా ఉంది.

అప్పుడే, అందరి ముందే, ఆ ఫైల్లో రాసింది. పెట్టె లేచేటప్పటి సరంజామాలో ఆ అంకె చేరేలా చేసింది. కావాలనే పెట్టె ఆర్పి, మళ్ళీ వెలిగించి, ఎనిమిది అక్కడ ఉందో లేదో చూసింది. ఉంది. పట్టాభిషేకం వేసింది. పూలు నేల దాకా రాలాయి. మంత్రం వేసింది. ఏడుగురూ తిరిగారు. ఇద్దరు నటులూ ఒకరి సీను ఒకరు మొదటిసారి పూర్తిగా చూశారు. పూలలో కొబ్బరిపువ్వు లేదేమని కామేశ్వరరావు అడిగాడు. పెట్టమన్నాడు మాష్టారు.

మర్నాడు ఉదయం రెండరింగ్ మొదలుపెడితే భోజనాల వేళకి వీడియో మొత్తం ఒక్కసారీ ఆగకుండా తయారైంది.

సంబరం నాడు జలంత్రకోటలో తోటల మధ్య ఖాళీ స్థలంలో తెర కట్టారు. సందె పడుతుండగానే వేశారు. ప్రమోదినినీ రవిశంకర్‌నీ ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టారు. ధూమ్రకేశుడు పొగలోంచి ఏడుగురై వచ్చినప్పుడు ముందు కూర్చున్న పిల్లలు వెనక్కి పరిగెత్తారు. ఒకామె చంకలో పిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఆమె ఆ పిల్లాణ్ణి తెచ్చి కామేశ్వరరావుకి చూపించి, "ఈ తాతే రా, ఏటీ సెయ్యడు" అంది. వాడు ఆయన్ని చూసి ఇంకా ఏడ్చాడు. కామేశ్వరరావు మొహం వెలిగిపోయింది.

ఆట అయ్యాక జనం లేస్తుంటే మాష్టారు కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాడు.

"వచ్చే ఏటికి కొత్తది రాస్తన్నాను."

"నాను నిలబడనేను మాష్టారూ. మీకు తెలుసు కదా."

"తెలుసు. అందుకే చెప్తన్నాను. రాజు మొదటి నుంచి చివరిదాకా సింహాసనం మీదే కూర్చుని ఉంటాడు. లేవనవసరం లేదు."

కామేశ్వరరావు ఆయన వైపు తిరిగి చూశాడు. "రాజు మీరు కదా."

"నేను మాంత్రికుణ్ణి కడతాను. నువ్వు నేర్పాలి. నా గొంతుకి పిల్లలు ఏడవరు."

కామేశ్వరరావు చాలాసేపు పంచె అంచు సర్దుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "ఏదీ, ముందు ఒక నవ్వు నవ్వండి సూద్దాం" అన్నాడు.

మనోహర్ మాష్టారు చుట్టూ ఒకసారి చూసి, ఎవరూ వినడం లేదని నమ్మకం కలిగాక, వికటంగా నవ్వడానికి ప్రయత్నించాడు. కుర్చీలు ఎత్తుతున్న కుర్రాళ్ళు ఆగిపోయి, మాష్టారికి ఏమైందోనని నీళ్ళ సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.